కాలాపానీ - నాడు, నేడు

మన సంఘం పెద్దలు ఈ వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు మేము మొదట కుతుబ్‌షాహీల గురించి వ్రాద్దామనుకున్నాము. గోల్కొండ, చార్మినార్ అంటే అందరికీ తెలిసినవే, వ్రాయడం కూడా సులువు. కాని పోయిన యేడు మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి, ఆ పిదప సంక్రాంతి సెలవులలో మేము చేసిన ఒక ప్రయాణం, రెండూ కలిసి మా చేత వేరే వ్యాసం వ్రాయించుచున్నవి. పాఠకులు ఓపికతో చదువగలరని మనవి.

ముందు ఆ చిన్న సంగతి చెప్పాలి. ఎనిమిదవ తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడు ఒకడు ఇంటిపని చేయలేదు సరికదా, అడిగితే ఎదురు జవాబు చెప్పినాడు. మాకు కోపం వచ్చి, "ఏమిరా, పెద్ద తుర్రం ఖాన్‌ననుకుంటున్నావా?" అని గద్దించినాము. వాడు తల వంచుకున్నాడు. ఒక నిమిషం ఆగి మెల్లగా, "సర్, తుర్రం ఖాన్ అంటే ఎవరు సర్?" అని అడిగినాడు. తరగతి అంతా గొల్లుమని నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే జవాబు మాకూ తెలియదు. "కూర్చో, కూర్చో" అని పాఠంలోకి పోయినాము.

పద్దెనిమిదేండ్లుగా పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పుచున్నాము. ఆ మాట మా అబ్బాజాన్ మమ్ములను అనేవారు, వారిని వారి నాన్నగారు అన్నారు. హైదరాబాదు చుట్టుపక్కల ఉర్దూ ఇండ్లలోనైనా, తెలుగు ఇండ్లలోనైనా, మితిమీరి పోయేవాణ్ణి చూస్తే నోట వచ్చే మాట ఇదే. ఆ పేరు గల మనిషి ఎవరైనా ఉన్నాడా అని మేము ఏనాడూ అడుగలేదు. ఆ రోజు సాయంత్రం సిగ్గుపడి పుస్తకాలు తీసినాము.

మంఖాల్ నుండి దీవులకు

ఇంతలో ప్రయాణం వచ్చి పడింది. మంఖాల్‌లో ఉండేవారికి విమానాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుండి రాత్రింబగళ్లు మన తలల మీదుగానే దిగుతున్నవి. పిల్లలు మిద్దె మీద నిలబడి తోకమీది రంగు చూసి ఏ కంపెనీదో చెప్పేస్తారు. అయినా అవి ఎక్కి పోయేది ఉద్యోగానికి గల్ఫ్‌కో, ఉమ్రాకో. ఊరికే చూసి రావడానికి విమానం ఎక్కిన వారు మా ఇంటిలో అంతవరకు లేరు.

మా తమ్ముడు విమానాశ్రయం సరుకుల విభాగంలో పనిచేస్తాడు. వాడే పట్టుబట్టి టిక్కెట్లు కొన్నాడు. "భాయీజాన్, ఇక్కడ ఎక్కితే రెండున్నర గంటల్లో అండమాన్. అక్కడి నుండి ఓడలో ఇంకో దీవికి పోయి సముద్రం ఒడ్డున మూడు రోజులు ఉండి వద్దాం. జీవితమంతా చాక్‌పీసు పొడి మింగుడేనా?" అన్నాడు. మా ఇంటివారు, పిల్లలు అప్పటికే సంచులు సర్దుతున్నారు.

మా అమ్మీజాన్ మాత్రం తస్బీహ్ పక్కన పెట్టి, "కాలాపానీ కూ జాకే కౌన్ వాపస్ ఆయా బేటా?" అన్నారు. కాలాపానీకి పోయి తిరిగి వచ్చినవాడు ఎవడు బిడ్డా అని. మేము నవ్వి, ఇప్పుడది విహారస్థలం, పెండ్లయిన కొత్త జంటలు పోతున్నారని నచ్చజెప్పినాము. ఆమె నమ్మినట్టు కనబడలేదు. పెద్దవాళ్ల నోటిలో పేర్లు చాలాకాలం బ్రతికి ఉంటవి.

సముద్రపు ఒడ్డున బస

పోర్ట్ బ్లెయర్‌లో దిగినాము. 2024 సెప్టెంబరు నుండి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. అక్కడి నుండి రెండున్నర గంటల ఓడ ప్రయాణం చేస్తే స్వరాజ్ ద్వీపం వస్తుంది. పాత పేరు హావ్‌లాక్. టాక్సీవాళ్లు, హోటలువాళ్లు ఇప్పటికీ హావ్‌లాక్ అనే అంటున్నారు.

మేము దిగిన బస రేవుకు దూరంగా, కొబ్బరిచెట్ల నడుమ విడివిడి గుడిసెలుగా ఉన్నది. పైన తాటాకు కప్పు, లోపల మాత్రం సకల సౌకర్యాలు. గడప దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. పొద్దున పోటు వచ్చి చెట్ల మొదళ్ల దాకా నీరు తాకేది, మధ్యాహ్నానికి అర ఫర్లాంగు వెనక్కు పోయేది. ఫోను సరిగా పలుకదు, వార్తాపత్రిక రాదు. రాధానగర్ తీరం చూచినాము. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమైన తీరమని వ్రాసినది దీని గురించే. తెల్లని మెత్తని ఇసుక, వెనుక ఆకాశాన్నంటే చెట్లు, ఎదుట పడమటి సముద్రం. జనవరిలో అక్కడ ఐదున్నర కల్లా పొద్దు గూకుతుంది. మా చిన్నమ్మాయి ఇసుకలో చార్మినార్ కట్టింది, నాలుగు మినార్లూ నిలిచినవి. ఇంత అందం సృష్టించిన వానికి స్తోత్రం అని మా ఇంటివారు అక్కడే దుప్పటి పరచి నమాజు చేసుకున్నారు.

భోజనం వడ్డించే అబ్బాయిది శ్రీకాకుళం. మేము తెలుగులో మాట్లాడగానే వాని ముఖం వెలిగిపోయింది. ఆ దీవులలో తెలుగువారు వేలమంది ఉన్నారు. చేపల వేటకు, కూలికి వచ్చి స్థిరపడినవారే ఎక్కువ. రెండవ రోజు రాత్రి మేము ఊరికే అడిగినాము.

"ఏం తమ్ముడూ, ఈ హావ్‌లాక్ అంటే ఎవరు?"

"ఏటోనండి మేష్టారూ, తెల్లదొరల కాలంనాటి పేరంట. ఎవరైతే ఏటండి, మాకు మట్టుకు అన్నం పెట్టిన ఊరు."

వాని జవాబు సబబే. ఆ దీవికి నిత్యం వచ్చిపోయే యాత్రికులలో నూటికి ఒక్కరైనా ఆ ప్రశ్న అడుగుతారా? మేము కూడా తుర్రం ఖాన్ పుస్తకాలు తిరగవేసి ఉండకపోతే అడిగేవాళ్లం కాము.

హావ్‌లాక్ ఎవరు?

గోదావరి మీద రాజమండ్రి దగ్గర పాత హావ్‌లాక్ వంతెన ఉన్నది కదా, ఆయనేనేమో అని కొందరు అనుకోవచ్చు. కాదు. ఆ వంతెన పేరు మద్రాసు గవర్నరుగా పనిచేసిన ఆర్థర్ హావ్‌లాక్‌ది. దీవి పేరు సేనాని హెన్రీ హావ్‌లాక్‌ది. 1857 తిరుగుబాటులో ఇంగ్లీషు సేనను నడిపించి కాన్పూరును తిరిగి పట్టుకున్నవాడు, లక్నోకు దారి తెరిచినవాడు. ఆ యేడే నవంబరు 24న లక్నోలో జిగట విరేచనాలతో మరణించినాడు. లండన్ నగరం నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయనకు విగ్రహం ఉన్నది.

ఆ పక్క దీవి పేరు నీల్. ఇది ఇంకా ఘోరం. జేమ్స్ నీల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ దళాన్ని వెంటబెట్టుకొని ఉత్తరాదికి పోయి, అలహాబాదు చుట్టుపక్కల దొరికినవారిని దొరికినట్టు చెట్లకు ఉరితీయించినాడు. వానికి మద్రాసు మౌంట్ రోడ్డులో విగ్రహం పెట్టినారు. 1927లో ఆ విగ్రహం తీసివేయాలని సత్యాగ్రహం జరిగితే ఎందరో యువకులు జైలుకు పోయినారు. చివరకు 1937లో రాజాజీ ప్రభుత్వం దానిని ఎత్తి మ్యూజియంలో పడవేసింది. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. కాన్పూరులో బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న ఆంగ్ల స్త్రీలను, పసిపిల్లలను జూలై 15న చంపడం మన పక్షం మీద మాయని మచ్చ. చరిత్ర చెప్పేవాడు ఒక కన్ను మూసుకోరాదు.

హావ్‌లాక్, నీల్, ఔట్రామ్, నికల్సన్, హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్ - ఆ వరుస దీవులన్నిటికీ 1857లో మన దేశాన్ని అణచినవారి పేర్లే పెట్టినారు. ఎవరిని అణచినారో వారిని తెచ్చి ఆ నీళ్లలోనే పడవేసినారు.

మేము పుస్తకంలో తారీఖులు చూస్తుండగా ఒకచోట చేయి ఆగిపోయింది. హావ్‌లాక్ సేన కాన్పూరు నగరంలో అడుగుపెట్టినది 1857 జూలై 17. అది శుక్రవారం. అదే శుక్రవారం సాయంత్రం మన హైదరాబాదులో ఏం జరిగిందో ఇక వినండి.

ఆ శుక్రవారం

1857 మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాం అయినాడు. దివాను సాలార్ జంగ్. ఇంగ్లీషు రెసిడెంటు కల్నల్ డేవిడ్‌సన్. అటు మీరట్, ఢిల్లీ కబుర్లు బజారుల్లో పాకుతున్నవి. నిజాం ఖర్చుతో ఇంగ్లీషువారు నడిపే కంటింజెంట్ సేనలో జమాదారు చీదా ఖాన్ అనేవాడు, ఢిల్లీ వారిపై కత్తి ఎత్తడానికి మేము నడవము అని తిరగబడి, కొద్దిమందితో హైదరాబాదు చేరినాడు. ఇక్కడ ఆశ్రయం దొరుకుతుందనుకున్నాడు. దొరకలేదు. దివాను పట్టి రెసిడెంటుకు అప్పగించినాడు.

జుమా నమాజు పిదప మక్కా మసీదు దగ్గర జనం కూడినారు. చీదా ఖాన్‌ను విడిపించాలని మాట అనుకున్నారు. ముందు నడిచినవారు ఇద్దరు. ఒకరు మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్. చదువుకున్నవారు, మసీదులో ఉపన్యసించేవారు. రెండవవాడు బేగంబజారుకు చెందిన తుర్రేబాజ్ ఖాన్ అనే రోహిల్లా. తుర్రా అంటే తలపాగా మీద నిలిచే కుచ్చు. మన నోటిలో తుర్రం ఖాన్‌గా మిగిలినవాడు ఈయనేనని అంటారు.

వారి వెంట సుమారు 500 మంది రోహిల్లాలు, నగరవాసులు. రెసిడెన్సీ గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇండ్లు ఉండేవి. తిరుగుబాటుదారులు ఆ రెండు ఇండ్లలో ప్రవేశించి కాల్పులు మొదలుపెట్టినారు. అయితే దివాను ముందే కబురు పంపినందున రెసిడెన్సీలో ఫిరంగులు సిద్ధంగా ఉన్నవి. రాత్రంతా పోరు జరిగింది. తెల్లవారు జామున నాలుగింటికి తుపాకులు మూగబోయినవి. చీదా ఖాన్ బయటికి రాలేదు. వచ్చినవారిలో కొందరు ఇంటికి పోలేదు.

ఆ రెసిడెన్సీయే మన అక్కచెల్లెండ్రు చదువుకున్న కోఠీ మహిళా కళాశాల. 2022లో విశ్వవిద్యాలయం అయింది. దానికి దగ్గరలో, బస్సులు ఆగేచోట, 1857 వీరుల స్మారక స్తంభం నిలిచి ఉన్నది. మేము శంషాబాదు బస్సు కోసం దాని నీడలో ఎన్నిసార్లు నిలబడినామో లెక్కలేదు. ఒక్కనాడు కూడా తల ఎత్తి చూడలేదు.

ఇద్దరి గతి

తుర్రేబాజ్ ఖాన్ తప్పించుకుపోయి కొద్ది దినాలలోనే పట్టుబడినాడు. మన షాద్‌నగర్ వైపు మొగిలిగిద్ద పేరు ఈ కథలో వినిపిస్తుంది. విచారణ జరిగి జీవితాంతం అండమాన్ ప్రవాస శిక్ష పడింది. దీవికి పంపకముందే, 1859 జనవరి 18న జైలు నుండి మాయమైనాడు. పట్టి ఇచ్చినవారికి 5000 రూపాయల బహుమతి ప్రకటించినారు. ఆరు దినాలు గడిచినవి. జనవరి 24న తూప్రాన్ దగ్గర తాలూకాదారు ఖుర్బాన్ అలీ బేగ్ మనుషుల చేతిలో చనిపోయినాడు. శవాన్ని నగరానికి తెచ్చి రెసిడెన్సీ దగ్గర గొలుసులతో వ్రేలాడగట్టినారు. చూసి జనం భయపడవలెనని. బహుశా ఆ భయం నుండే మన ఇండ్లలో ఆ మాట పుట్టినది. "తుర్రం ఖాన్‌లాగా కావద్దురా" అని తల్లులు బిడ్డలకు చెప్పి ఉంటారు. భయం పోయింది, కారణం మరిచిపోయినాము, వెక్కిరింత ఒక్కటే మిగిలింది.

మౌల్వీ అలావుద్దీన్ బెంగుళూరు వైపు వెళ్లిపోయి కొంతకాలం దాగి ఉండి పట్టుబడినారు. వారికీ యావజ్జీవ ప్రవాసమే. 1859లో అండమాన్‌కు పంపినారు. 1880 దశకంలో ఆ దీవులలోనే కన్నుమూసినారు. హైదరాబాదు మళ్లీ చూడలేదు. అంటే, తుర్రేబాజ్ ఖాన్ చేరని దీవిలో మౌల్వీ సాహెబ్ తన సగం జీవితం గడిపినారన్నమాట.

ఆనాటి "బస" ఎట్టిది?

మేము మూడు రాత్రులు ఫ్యాను కింద పడుకొని అలల చప్పుడు విన్నాము. ఆనాటి వారు ఏమి విన్నారు?

డాక్టర్ జేమ్స్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో 1858 మార్చి 10న అక్కడ దిగినాడు. చాథమ్ దీవిలో, పిదప రాస్ దీవిలో అడవి కొట్టడం మొదలుపెట్టించినాడు. ఊరు లేదు, ఇల్లు లేదు, మంచినీరు లేదు. కాళ్లకు సంకెళ్లు, తలమీద వాన, ఒంటినిండా జ్వరం. చాలామంది పారిపోయినారు. ఎక్కడికి పోతారు? మద్రాసు అక్కడి నుండి సుమారు 1200 కిలోమీటర్ల నీటి దారి. కొందరు అడవిలో చచ్చినారు, కొందరు ఆకలితో తిరిగి వచ్చి లొంగిపోయినారు. అట్లా పట్టుబడినవారిలో ఎనభై మందికి పైగా ఒకే రోజున వాకర్ ఉరితీయించినాడు. కలకత్తాలో పై అధికారులకే అది మితిమీరినట్టు తోచింది.

ఖైదీల మెడలో చెక్క బిళ్ల వ్రేలాడేది. దాని మీద వాని నంబరు, నేరం, శిక్ష. పేరు పిలిచేవారు లేరు. దాని పేరు కూడా టిక్కెట్టే! ఏండ్ల తరబడి మంచిగా నడుచుకుంటే మరొక రకం టిక్కెట్టు ఇచ్చి, కొంచెం భూమి చేసుకొని బ్రతకనిచ్చేవారు. దీవి దాటిపోవడానికి మాత్రం సెలవు లేదు.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దవలసి ఉన్నది. మౌల్వీ అలావుద్దీన్ సెల్యులార్ జైలులో మొదటి ఖైదీ అని మన సభలలో వక్తలు చెప్పడం, కొన్నిచోట్ల వ్రాయడం మేము విన్నాము, చదివినాము. ఇది సరి కాదు. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అప్పటికి మౌల్వీ సాహెబ్ పోయి పదేండ్లు దాటింది. ఏడు రెక్కలతో, దాదాపు ఏడు వందల గదులతో కట్టిన ఆ జైలు తరువాతి తరం దేశభక్తులది. నేడు మూడు రెక్కలే మిగిలినవి. 1979 ఫిబ్రవరి 11న దానిని జాతీయ స్మారకం చేసినారు. మేమూ పోయి చూచి కన్నీరు పెట్టుకున్నాము. కాని మొదటి తరంవారికి గోడలైనా లేవు. వారి చుట్టూ ఉన్న సముద్రమే జైలు. వారిని గౌరవించడానికి అబద్ధపు గది ఒకటి కేటాయించడం అవసరం లేదు. ఉన్న నిజమే చాలా పెద్దది.

మౌల్వీ సాహెబ్ ఒంటరిగా లేరు. అవధ్ పండితుడు మౌలానా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ కూడా 1859లోనే అక్కడికి చేరి, 1861లో అక్కడే మరణించినారు. అరబీలో 1857 వృత్తాంతం వ్రాసినారు. అలహాబాదు మౌల్వీ లియాఖత్ అలీ కూడా ఆ నేలలోనే కలిసిపోయినారు. 1866లో వచ్చిన జాఫర్ థానేశ్వరీ అదృష్టవంతుడు. 1883లో విడుదలై ఇల్లు చేరి, తన అనుభవాలను ఉర్దూలో పుస్తకంగా వ్రాసినాడు. వంశం, మతం, ప్రాంతం చూసి పంపలేదు. తెలుగు మన్యంలో 1879 రంప పితూరీ అణచిన పిదప అక్కడి గిరిజనులను పంపినారు. 1891 యుద్ధం పిదప మణిపురం వారిని, 1921 పిదప మలబారు మాపిళ్లలను పంపినారు.

అది నిర్జన ద్వీపమా?

మా బసలో ఇచ్చిన కరపత్రంలో "మనుష్య సంచారం లేని ఏకాంత తీరం" అని ముద్రించి ఉన్నది. వాకర్ దిగిననాడు ఇంగ్లీషువారూ ఇంచుమించు అట్లాగే అనుకున్నారు. కాని ఆ దీవులు వేల సంవత్సరాలుగా అండమానీయులవి. తమ అడవి నరుకుతుంటే వారు ఊరుకోలేదు. 1859 మే నెలలో అబర్డీన్ అనే చోట విల్లంబులతో ఇంగ్లీషు స్థావరం మీదికి వచ్చినారు. అడవిలో వారి మధ్య ఒక యేడు బ్రతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందే వచ్చి కబురు చెప్పడంతో ఫిరంగుల ముందు ఓడిపోయినారు. ఆ పిదప రోగాలు చుట్టుముట్టినవి. వేలమంది ఉన్న గ్రేట్ అండమానీ జాతి నేడు వందకు లోపే.

ఆ గొడ్డలి పట్టింది ఎవరు? మన ఖైదీలే. కొరడా కింద పట్టినారు, నిజమే. అయినా పట్టింది వారి చేతులే. మనవారి బాధ చెప్పుకునేటప్పుడు ఈ మాట మింగివేస్తే మనకూ హావ్‌లాక్ పేరు పెట్టినవారికీ తేడా ఏమి ఉంటుంది?

ఒక సంగతి మాత్రం ఉర్దూ చెప్పుకునే మాకు సంతోషం కలిగించింది. దేశం నలుమూలల నుండి వచ్చిన ఖైదీలు ఒకరితో ఒకరు ఏ భాషలో మాట్లాడాలి? హిందుస్తానీయే వారందరి భాష అయింది. నేటికీ అక్కడ బెంగాలీ, తమిళుడు, తెలుగువాడు, నికోబారు మనిషి బజారులో కలిస్తే అదే మాట్లాడుకుంటారు. ఖైదీల సంతతివారు తమను "లోకల్ బోర్న్" అని చెప్పుకుంటారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నారు. సంకెళ్లలో పుట్టిన చుట్టరికం అది.

పేర్లు మారినవి, కాని

2018 డిసెంబరు 30న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పేరు పెట్టినారు. నేతాజీ పోర్ట్ బ్లెయర్‌లో జెండా ఎగురవేసి ఆనాటికి 75 ఏండ్లు. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైంది, నీల్ షహీద్ ద్వీపమైంది. 2021లో హ్యారియెట్ కొండను మణిపురం వీరుల గుర్తుగా మౌంట్ మణిపుర్ అన్నారు. 2023 జనవరిలో పేరులేని 21 దీవులకు పరమవీరచక్ర వీరుల పేర్లు పెట్టినారు. సంతోషించవలసిందే. హైదరాబాదు నుండి పోయినవారి పేరు మాత్రం ఏ రేవు మీద, ఏ రాతి మీద మాకు కనబడలేదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు ఫజ్లే హఖ్ ఖైరాబాదీ గారి సమాధి దగ్గరకు పోయి ఫాతిహా చదివినాము. అక్కడ కలిసిన ఒక ముసలాయనను, "చాచా, హైదరాబాదు మౌల్వీ అలావుద్దీన్ గారి సమాధి ఎక్కడ?" అని అడిగినాము. ఆయన చాలాసేపు ఆలోచించి, చేయి చాపి, ఎదురుగా ఉన్న కొండ, చెట్లు, సముద్రం అన్నీ కలిపి చూపించినారు. "ఇదంతా సమాధే నాయనా, ఎక్కడ చదివినా చేరుతుంది" అన్నారు. మేము అక్కడే నిలబడి మౌల్వీ సాహెబ్ పేర మరొకసారి చదివినాము. మా తమ్ముడు కూడా టోపీ సర్దుకొని మా పక్కన నిలబడినాడు.

మరునాడు మధ్యాహ్నం శంషాబాదులో దిగి, మగ్రిబ్ వేళకు మంఖాల్‌లో ఇంట్లో ఉన్నాము. అమ్మీజాన్ మా తల నిమిరి చూచి, "వచ్చినారా" అన్నారు. అంతే.

మళ్లీ తరగతిలో

సెలవుల పిదప మొదటి రోజు మేము ఎనిమిదవ తరగతిలో పాఠ్యపుస్తకం తెరువలేదు. వెనుక బెంచీ పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, "నీవు అడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చినాను" అని చెప్పి, ఈ కథంతా చెప్పినాము. ఉపాధ్యాయుడు విద్యార్థి ముందు తప్పు ఒప్పుకోవడం మాకూ కొత్త. వాడు అంతా విని, కొంచెం నవ్వి, "అయితే సర్, ఆ రోజు మీరు నన్ను తిట్టలేదు కదా" అన్నాడు. తరగతి మళ్లీ నవ్వింది. ఈసారి మేమూ నవ్వినాము.

ఈ వ్యాసం ద్వారా మన సంఘానికి మేము చేసే మనవి పెద్దది కాదు. విగ్రహాలు కట్టమనడం లేదు, చందాలు అడగడం లేదు. ప్రతి యేడు జూలై 17న మన పిల్లలను ఒక బస్సులో కోఠీ తీసుకుపోయి, ఆ స్తంభం ముందు నిలబెట్టి, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్, చీదా ఖాన్ పేర్లు గట్టిగా చదివిద్దాము. అన్ని మతాల పిల్లలనూ తీసుకుపోదాము. అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇండ్లు రెండూ ఒకే రాత్రి ఒకే పోరును చూసినవే కదా. బస్సు ఖర్చులో మా వంతు మేము ఇస్తాము.

అండమాన్‌కు కూడా తప్పక పోండి. మన గడప ముందే విమానం ఉన్నది. ఆ ఇసుక, ఆ నీళ్లు చూడదగినవి, పిల్లలతో ఆడుకోదగినవి. అక్కడ ఒక సాయంత్రం, పొద్దు గూకే వేళ, తిరిగి రాని మన ఊరివారి పేరు ఒక్కసారి తలచుకోండి. ఇక మీ ఇంట్లో అల్లరి పిల్లవాణ్ణి తుర్రం ఖాన్ అని పిలవాలనిపిస్తే పిలవండి, తప్పులేదు. ఆయన ఎవరో కూడా వానికి చెప్పండి.